సిగ్నల్ జరిపితే నోటీసు ఇవ్వరా?

ఆదివారం పొద్దున్నే ఆరింటికి విజయవాడ నుంచి ఫోన్ వచ్చిందంటే రెండే కారణాలు. చుట్టాల్లో ఎవరికో ఒంట్లో బాగాలేకపోవడం ఒకటి. నాన్న ఫోన్లో ఏదో బొమ్మ చోటు మారడం రెండోది. మొన్న వచ్చింది రెండో రకం.

"అమ్మడూ, రసీదు కనపడట్లేదు."

"కరెంటు బిల్లుదా నాన్నా? కట్టాక వస్తుందిగా."

"బిల్లు కట్టేశాను. డబ్బులు వెళ్ళిపోయాయి. రసీదు బొమ్మే లేదు. కింద కుడివైపు చివర ఉండాలి, నా పుస్తకంలో అలాగే ఉంది. ఇప్పుడక్కడ సంచీ బొమ్మ పెట్టారు. అది నొక్కితే రెండు లక్షలు అప్పిస్తానంటోంది. నేనేమన్నా అడిగానా?"

వెనకనుంచి అమ్మ గొంతు: "ఇస్తానంటుంటే తీసుకోండి, వంటింట్లో టైల్స్ వేయించొచ్చు."

రసీదు ఎక్కడుందో నాకు తెలుసు. ఎలా తెలుసో తర్వాత చెప్తాను.

నాన్నకి డెబ్బై ఐదేళ్ళు. 1973లో రైల్వేలో టైపిస్టుగా చేరి, విజయవాడ డివిజనల్ ఆఫీసులో ముప్పై ఏడేళ్ళు పనిచేసి, 2010లో ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఇలాంటి నాన్నల మీద ఎవరు రాసినా కొన్ని ఘట్టాలు తప్పవు. వీడియోకాల్లో నుదురూ సీలింగు ఫ్యానూ తప్ప ఇంకేం కనపడకపోవడం, తెల్లవారుజామునే గులాబీపువ్వు మీద శుభోదయం పంపడం, ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టాల్సిన మాట అపార్టుమెంటు గ్రూపులో పెట్టడం. అవన్నీ మా ఇంట్లోనూ జరిగాయి. మీ ఇంట్లోనూ జరిగే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ఆయన పుస్తకం సంగతి.

పుస్తకం అంటే పొడుగాటి లాంగ్ నోట్‌బుక్కు. బ్రౌన్ పేపరు అట్ట, దానిమీద లేబులు, లేబుల్ మీద "ఫోను – వాడుక నియమములు". లోపలున్నది ప్లాట్‌ఫారం బోర్డుల మీద ఉండే భాష. "తెర వెలిగిన పిమ్మట రెండవ వరుసలోని మూడవ బొమ్మను ఒకమారు మాత్రమే నొక్కవలెను." "చక్రము తిరుగుచున్నంతసేపు ఏ బొమ్మను తాకరాదు." "పిన్ నంబరు కొట్టునపుడు గదిలో ఇతరులు ఉండరాదు (భార్యతో సహా)." ఈ చివరి నియమం మీద అమ్మకింకా కోపం పోలేదు.

బొమ్మలకి ఆయన పెట్టుకున్న పేర్లు వేరు. నిలువుగా మూడు చుక్కలుంటే సిగ్నల్ స్తంభం. అడ్డంగా మూడు గీతలుంటే స్లీపర్లు. పళ్ళచక్రం వర్క్‌షాపు. ఎడమవైపు బాణం రివర్సు. నిజానికి ఈ పేర్లు మా ఇండస్ట్రీ పెట్టుకున్నవాటికంటే నయం. మేం ఆ మూడు గీతల్ని తినే బర్గర్ పేరుతో పిలుస్తాం. పట్టాల కింద స్లీపర్లలా ఉన్నాయనడానికి కనీసం ఒక అర్థముంది. ఫోన్లో ఆయనకి ఏదైనా చెప్పాలంటే ఇప్పుడు నేను కూడా ఆయన భాషలోకే దిగుతాను. "నాన్నా, ముందు రివర్సు కొట్టండి. ఆ తర్వాత సిగ్నల్ స్తంభం, అక్కణ్ణించి వర్క్‌షాపు." మా ఆఫీసులో పక్క సీటతను ఇది విని, మాకు రైల్వే ప్రాజెక్టు ఎప్పుడొచ్చిందని అడిగాడు.

ఇంకో తమాషా ఏమిటంటే, ఎవరూ వాడని ఫ్లాపీ బొమ్మా, ఎవరింట్లోనూ లేని రిసీవరు బొమ్మా కనపడితే మా ఇంట్లో అవేమిటో తెలిసింది నాన్నకే. మా అబ్బాయికి ఫ్లాపీ అంటే 'సేవ్ చేసే బొమ్మ'. అంతే. ఆ బొమ్మ వెనక ఒక నిజమైన వస్తువు ఉండేదని వాడు నమ్మడు. పాత తరానికి తెలిసిన వస్తువుల్నే బొమ్మలు చేసి, ఆ తరానికే ఫోన్ అర్థం కాదంటున్నాం.

ఓటీపీలకి పుస్తకంలో విడిగా పేజీలున్నాయి. వచ్చిన ప్రతి ఓటీపీనీ తేదీ, సమయంతో సహా ఎక్కిస్తారు. "వాడేసిన ఓటీపీ దేనికి నాన్నా, అది ఇంక పనికిరాదు కదా" అంటే, "రేపెవరైనా ఆడిట్‌కి వస్తే?" అన్నారు. ఆయన దాన్ని అందంగా ఎక్కించేలోపు గడువు దాటిపోతుంది. ఇంకోటి తెప్పించుకోవాలి. అందుకని రిజిస్టర్లో లావాదేవీకి రెండేసి ఓటీపీలుంటాయి. మొదటిదాని ఎదురుగా ఎర్రసిరాతో "గడువు మీరినది".

వీటికి నవ్వాను. ఆ పేజీల్లో అంటించి ఉన్న చీటీలు చూశాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

రైల్వేలో నియమాల పుస్తకంలో ఏదైనా మారితే వెంటనే కొత్త పుస్తకం అచ్చువేయరు. కరెక్షన్ స్లిప్పు పంపుతారు. దానికో నంబరు, తేదీ ఉంటాయి. ఏ పేరా బదులు ఏ పేరా చదువుకోవాలో ఉంటుంది. దాన్ని కత్తిరించి, పాత పేరా మీద జిగురుతో అంటించుకోవాలి. నాన్న సర్వీసంతా వాటిని టైపు చేయడమో, అంటించడమో చేశారు. ఫోన్ పుస్తకానికీ అదే పద్ధతి పెట్టుకున్నారు. కరెంటు బిల్లు పేజీ మీద ఇప్పటికి ఆరు స్లిప్పులున్నాయి, ఒకదానిమీద ఒకటి. పేజీ వేయించిన అప్పడంలా లేచి నిలబడింది.

పెద్దవాళ్ళకి టెక్నాలజీ తలకెక్కదు అన్న మాట ఆ పేజీ చూశాక నా నోట మళ్ళీ రాలేదు. ఎక్కింది. ఆరుసార్లు ఎక్కింది. ఎక్కిన ప్రతిసారీ కింద నిచ్చెన తీసేశారు.

ఈ మాట అనడానికి నాకింకో ఆధారం ఉంది. నాన్న చేతివేళ్ళు. 1970 ప్రాంతంలో ఆయన గవర్నర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నారు. అప్పట్లో మన ఊళ్ళల్లో డిగ్రీ ఉన్నా లేకపోయినా లోయరూ హయ్యరూ పాసై ఉండాలి. లోయర్‌కి నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కి 45. మొదట్లో రోజూ ఎడమచేత్తో ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, కుడిచేత్తో సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. తలదించి కీస్ చూస్తే మాస్టారు స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవారట. ఆ వరసలు 1870ల్లో అమెరికాలో ఒక మిషను కోసం కుదిరినవి. గోద్రెజ్ వాళ్ళు 1955లో మన దేశంలో టైపు మిషన్లు తయారుచేయడం మొదలుపెట్టినప్పుడూ, నాన్న నేర్చుకున్నప్పుడూ అవే. తొంభైల్లో ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతావాళ్ళు ఏసీ గదిలోకి చెప్పులిప్పి భయంభయంగా అడుగుపెడుతుంటే, నాన్న కూర్చుని టకటకా కొట్టేశారు. అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయిగా! ఒకసారి నేర్చుకున్నారు, యాభై ఏళ్ళు తిన్నారు.

ఇప్పుడు ఆయన చేతిలో ఉన్న ఫోన్లోనూ ఆ వరసలే. కొన్న రోజున ఫోన్ని బల్లమీద బోర్లా కాకుండా జాగ్రత్తగా పడుకోబెట్టి, నడుం నిటారుగా పెట్టి, పదివేళ్ళూ దించారు. చిటికెనవేలు 'ఏ' మీద పెట్టగానే దాంతోపాటు ఇంకో మూడక్షరాలు పడ్డాయి. బొటనవేళ్ళతో కొట్టాలి నాన్నా అంటే ఆయన మొహం చూడాలి. టైపులో బొటనవేలికి ఒకటే పని, స్పేస్‌బార్. "దానికింత ప్రమోషన్ ఎప్పుడొచ్చింది?" అన్నారు. పైగా ఆయన కొట్టే దెబ్బకి మొదటి ఏడాదిలోనే రెండు స్క్రీన్‌గార్డులు పగిలాయి. మెల్లిగా తాకితే చాలన్నాను. "నాలుగు కార్బన్లు పెట్టి ఐదో కాపీలో అక్షరం కనపడాలంటే ఎంత బలం కావాలో నీకేం తెలుసమ్మా. చెయ్యి మరిచిపోదు."

చెయ్యి మరిచిపోదు. నాన్న గొడవంతా ఇదే. ఆయన కళ్ళతో వెతికి పనిచేసే మనిషి కాదు, చేతికి అలవాటు చేసి పనిచేసే మనిషి. అలాంటివాళ్ళకి వస్తువు ఉన్నచోట ఉంటే చాలు, ఎంత కష్టమైనదైనా లొంగదీసుకుంటారు. హార్మోనియం నేర్చినవాళ్ళూ, కుట్టుమిషను తొక్కేవాళ్ళూ ఇలాగే నేర్చుకుంటారు. రాత్రికి రాత్రి హార్మోనియం మెట్లు ఎవరైనా అటూఇటూ మార్చేసి, పొద్దున్నే తప్పు స్వరం పలికిందని వాయించేవాణ్ణి వెక్కిరిస్తే ఎలా ఉంటుంది?

ఇంతకీ రసీదు సంగతి.

నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. యాప్‌ల తెరల మీద ఏ బటన్ ఎక్కడుండాలో గీసే టీము మాది. నాన్న కరెంటు బిల్లు కట్టే యాప్ కూడా మేం గీసినదే. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. మొదట్లో చెప్పాల్సిన అవసరం రాలేదు. రెండో కరెక్షన్ స్లిప్పు తర్వాత చెప్పే ధైర్యం లేకపోయింది. ఎందుకంటే ఆదివారాల ఫోన్లలో నాన్న ఆ యాప్ గీసినవాళ్ళ గురించి కొన్ని మాటలు వాడేవారు. "ఎవడో పని లేని మంగలి" అన్నది వాటిలో మర్యాదైనది.

రసీదు బొమ్మని కింది వరసలోంచి తీసి స్లీపర్ల లోపలికి పంపించమని క్లయింటు అడిగారు. ఆ చోటు అప్పుల బొమ్మకి కావాలి. బొటనవేలు తేలిగ్గా అందే చోటు అది, మా భాషలో బంగారం. మాలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. పద్ధతి ప్రకారమే చేశాం. కొంతమందికి పాత తెర, కొంతమందికి కొత్త తెర రెండు వారాలు చూపించి, ఎక్కడ ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టాం. కొత్తదాంట్లో అప్పుబొమ్మని ఎక్కువమంది నొక్కారు. శుభం, మార్చేశారు. ఆ నొక్కినవాళ్ళలో రసీదు కోసం వెతుకుతూ నొక్కినవాళ్ళెందరో ఆ లెక్కలో ఉండదు. ఆదివారం ఆరింటికి కూతుళ్ళకీ కొడుకులకీ వెళ్ళే ఫోన్లు ఏ గ్రాఫులోనూ ఎక్కవు. రసీదు ఎక్కడుందో తెలియక ఇంక మానేసి, ఎండలో నడుచుకుంటూ కౌంటరుకి పోయేవాళ్ళు మా తెరల మీంచి చప్పుడు లేకుండా మాయమవుతారు. మేం వాళ్ళని 'వాడటం మానేసినవాళ్ళు' అన్న గడిలో వేస్తాం. ఎందుకు మానేశారని అడగం.

మొన్న చెప్పేశాను. "నాన్నా, ఆ బొమ్మ జరిపింది నేనే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. మంగలి మాట గుర్తొచ్చి ఉంటుంది. తర్వాత ఆయన అన్నది నేను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"జరపడం తప్పని నేననను. మేమూ సిగ్నళ్ళు జరిపేవాళ్ళం. నేను ఆపరేటింగ్ బ్రాంచిలో ఉన్నప్పుడు ఆ కాగితాలన్నీ నా చేతిమీదుగానే వెళ్ళేవి. కానీ సిగ్నల్ జరుపుతున్నామంటే డ్రైవరుకి చెప్పకుండా జరపం. కాషన్ ఆర్డరు ఇస్తాం, అందినట్టు సంతకం తీసుకుంటాం. కొత్త రూటులో బండి నడపాలంటే ముందు రోడ్ లెర్నింగు, నేర్చుకున్నానని సంతకం పెట్టాకే బండి అప్పగిస్తాం. వాడకంలో లేని సిగ్నల్ ఉంటే దానిమీద రెండు పట్టీలు అడ్డంగా ఇంటూ గుర్తులా కొట్టి ఉంచుతాం, దీన్ని చూడొద్దురా అని. మీరు రాత్రికి రాత్రి స్తంభం పీకేసి ఇంకోచోట పాతి, పొద్దున్నే డ్రైవరుకి చూపు లేదంటారు. సిగ్నల్ జరిపితే నోటీసు ఇవ్వరా అమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, మా మీటింగుల్లో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. అప్‌డేట్ అయ్యాక రంగురంగుల పేజీ ఒకటి చూపిస్తాం కదా అంటారేమో. "మీకోసం సరికొత్త అనుభవం" అని ఉంటుంది దానిమీద. రసీదు ఎక్కడికి పోయిందో ఉండదు.

నా మాటకి అడ్డం చెప్పేవాళ్ళు ఉంటారు, ఉండాలి కూడా. సాఫ్ట్‌వేర్ని మార్చకుండా ఎలా కుదురుతుంది? కుదరదు. దొంగలు కొత్త కన్నం కనిపెట్టినప్పుడల్లా గోడ పూడ్చాలి. ఆ అప్‌డేట్లు వేసుకోవద్దని నేను ఎవరికీ చెప్పను, నాన్న ఫోన్లో అవి వాటంతటవే పడేలా నేనే పెట్టాను. కొత్తవి రావద్దని కూడా కాదు. యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాక బ్యాంకు ముందు రెండు పూటలు నిలబడ్డ నాన్న, కొన్నాళ్ళకి దాన్ని నేర్చుకుని ఇప్పుడు కొత్తిమీర కట్టకి కూడా ఫోనే తీస్తారు. మెచ్చుకుంటారు కూడా. గోడ పూడ్చడం వేరు, వాకిలి జరపడం వేరు. ఇంటికి సున్నం వేయిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంట్లో ముసలివాళ్ళు నిద్రపోతుండగా గుమ్మాన్ని తూర్పు నుంచి ఉత్తరానికి మారిస్తేనే ఎవరో ఒకరి తల పగులుతుంది.

మార్చకుండా ఉండటం కూడా ఒక విద్యే, అది రైల్వేకి తెలుసు. బెజవాడ విజయవాడ అయి ఎంతకాలమైందో! స్టేషన్ కోడు మాత్రం నేటికీ బి.జెడ్.ఎ. బెజవాడే. మద్రాసు చెన్నై అయింది, సెంట్రల్ కోడు మాత్రం ఎం.ఎ.ఎస్. పైన బోర్డు మీద పేరు మార్చుకోండి, లోపల చేతులు అలవాటుపడ్డ మూడక్షరాలు కదపకండి అన్నట్టు. టికెట్ బుక్ చేసేటప్పుడు నేను ఊరిపేరు మొత్తం కొట్టి లిస్టులో వెతుకుతుంటే, నాన్న మూడక్షరాలు కొట్టి పక్కకి తిరిగి కూర్చుంటారు.

ఏదైనా నొక్కితే ఫోన్ పాడైపోతుందని పెద్దవాళ్ళకి ఉండే భయాన్ని మనం మహా వెక్కిరిస్తాం. "ఏం కాదు నాన్నా, నొక్కండి" అని నేనూ వెయ్యిసార్లు అన్నాను. 2018 ఫిబ్రవరిలో నా నోరు మూతపడింది. గుర్తుందా, 'జ్ఞా' అన్న అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన వార్త? ప్రపంచమంతా రాశారు. మన జ్ఞానంలో, జ్ఞాపకంలో ఉండే ఆ అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే దాన్ని తెరమీద గీయలేక యాప్ ఆగిపోయేది. కొద్దిరోజుల్లోనే సరిచేసి అప్‌డేట్ ఇచ్చారు. మా ఇంట్లో ఎవరికీ ఐఫోను లేదు కాబట్టి మాకేం నష్టం జరగలేదు. పేపర్లో ఆ వార్త నాన్న కత్తిరించి పుస్తకంలో అంటించుకున్నారు. కింద ఒక వాక్యం: "ఒక్క అక్షరముతో ఆగినది. నేను భయపడుట అకారణము కాదు." ఆ మాటకొస్తే తెలుగుని సరిగా పలకలేక ఇబ్బందిపడ్డ వస్తువుని చూసి ఆయనకి కొంచెం సంతోషం కూడా కలిగింది. "మీ స్కూళ్ళలో పిల్లలంతే" అన్నారు.

ఆయన నిదానం ఒకసారి ఇంటిని కాపాడింది కూడా. 2024 వేసవిలో ఒక వీడియోకాల్ వచ్చింది. యూనిఫాం వేసుకున్న మనిషి, వెనకాల జెండా. మీ పేరుమీద పార్సిల్లో మత్తుమందు దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గదిలోంచి కదలకూడదు, ఎవరికీ చెప్పకూడదు. హిందీ. నాన్నకి రైల్వే హిందీ వచ్చు. బెదిరిపోయారు, అందులో సందేహం లేదు. చేతులు వణికాయని అమ్మ చెప్పింది. కానీ బెదిరినా పద్ధతి తప్పలేదు. ఆర్డరు నంబరెంత అని అడిగారు. తేదీ. సంతకం చేసిన అధికారి హోదా. కాపీ ఎవరెవరికి వెళ్ళింది. ఒక యాప్ దింపుకోమన్నాడు వాడు. "ఆగండి, పుస్తకం తెచ్చుకుంటాను" అని తెచ్చుకుని, మొదటి మెట్టు నుంచి రాయడం మొదలుపెట్టారు. ఏ బొమ్మ? ఏ రంగు? పైన ఎడమా, కుడా? స్పెల్లింగు? రాసింది మళ్ళీ చదివి వినిపించి, సరేనా అని అడిగి, రెండో మెట్టు. యాభై నిమిషాల తర్వాత వాళ్ళింకా మూడో మెట్టు మీదే ఉన్నారు. చివరికి ఆ పోలీసే "అంకుల్, ఛోడ్ దీజియే" అని కాల్ కట్ చేశాడు. అరెస్టయిన మనిషే పోలీసుకి తిరిగి ఫోన్ చేశారు, నాలుగో మెట్టు చెప్పలేదు కదా అని. ఎత్తలేదు.

దీన్ని గొప్పగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. నాన్నకంటే చురుకైనవాళ్ళు, డాక్టర్లు, ప్రొఫెసర్లు ఆ ఉచ్చులో పడి జీవితకాలం దాచుకున్నది పోగొట్టుకున్నారు. మాది అదృష్టం. ఆ అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని చెప్పినప్పుడు, నాన్న రేడియో పక్కనే ఉన్నారు. పుస్తకంలో ఆ రోజు తేదీతో కొత్త నియమం చేరింది, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరుతో సహా. ఆ పేజీకి ఇంతవరకు కరెక్షన్ స్లిప్పు పడలేదు. ఆయనకి ఆ పేజీ అంటే చాలా ఇష్టం.

అదే ఏడాది నవంబరులో లైఫ్ సర్టిఫికెట్. పెన్షనర్లు బతికే ఉన్నామని ఏటా చెప్పుకోవాలి. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ పేరుతో దాన్ని ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు. 2021 నవంబరు నుంచి మొహం చూపించి కూడా ఇవ్వొచ్చు. అంతకుముందు వేలిముద్ర వేయబోతే పడలేదు. ముప్పై ఏడేళ్ళు టైపు మిషను మీద అరిగిన వేళ్ళు కదా అని నాన్న వాదన. వయసు మీద పడితే వేలిముద్రలు అరగడం మామూలే, కానీ ఆయనకి ఆ గౌరవం ఉండనివ్వాలనిపించింది. మోకాళ్ళ నొప్పులతో బ్యాంకుకి వెళ్ళే పని లేకుండా మొహంతోనే కానిద్దామని కుర్చీలో కూర్చోబెట్టాను. కన్ను ఆర్పమని తెరమీద వచ్చింది. నాన్న ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. స్టూడియోలో కళ్ళార్పకూడదని నేర్చుకున్న తరం ఆయనది.

"నాన్నా, ఒకసారి కన్ను కొట్టండి" అన్నాను, తొందరలో.

"నలభై ఎనిమిదేళ్ళ సంసారంలో మీ అమ్మకే కొట్టలేదు. పెన్షన్ కోసం ప్రభుత్వానికి కొట్టమంటావా?"

అమ్మ నవ్వు ఆపుకోలేక చేతిలో ఫోన్ కదిపింది. నాలుగుసార్లు కాలేదు. వెనక ట్యూబులైటు పడుతోందని ఐదోసారికి తెలిసింది. తప్పు యాప్‌ది కాదు, మా హాలుది. కుర్చీ తిప్పగానే ఒక్క ఆర్పుతో నాన్న అధికారికంగా బతికారు.

మేం నవ్వుకున్నాం. ఆర్పడానికి రెప్పలే లేనివాళ్ళున్నారని నాకు అప్పుడు తట్టలేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివాకే తట్టింది. యాసిడ్ దాడిలో కళ్ళూ మొహమూ కాలినవాళ్ళు, చూపు లేనివాళ్ళు ఈ కేవైసీ తెరల ముందు కన్నార్పలేక ఆగిపోతున్నామని కోర్టుకెళ్ళారు. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పి, అందరూ వాడగలిగేలా ప్రక్రియ మార్చమని ఇరవై ఆదేశాలిచ్చింది. వాళ్ళ బాధకీ మా నాన్న రసీదుకీ పోలిక తేవడం నా ఉద్దేశం కాదు. కానీ తెర గీసేటప్పుడు ఎదురుగా ఎవరు కూర్చున్నారనుకుని గీస్తున్నాం అన్న ప్రశ్న మాత్రం ఒకటే. నేను గీసేటప్పుడు నా ఎదురుగా ఎప్పుడూ ఇరవై ఎనిమిదేళ్ళవాడే కూర్చుంటాడు. మెట్రోలో వెళ్తుంటాడు, ఒక చేత్తో పైన రాడ్ పట్టుకుని ఉంటాడు, బొటనవేలు ఖాళీగా ఉంటుంది. వాడికోసమే కింద కుడివైపు బంగారం.

ఇంతవరకు రాసినదానికంతా అడ్డం ఎవరంటే, మా అమ్మ.

అమ్మకి పుస్తకం లేదు. నియమాలు లేవు. ఫోన్లో ఏది మారినా పట్టించుకోదు. కనపడ్డదల్లా నొక్కుతుంది, పోతే పోయిందంటుంది. కీబోర్డు జోలికే పోదు, మైకు బొమ్మ నొక్కి మాట్లాడుతుంది. 2017లో గూగుల్ తెలుగు మాటని అక్షరాలుగా మార్చడం తెచ్చిన దగ్గర్నుంచి ఆవిడకి ఫోన్ ఒక పనిమనిషి. దానికి వినపడకపోతే గొంతు పెంచుతుంది. ఒకసారి మైకు ఆపడం మరిచిపోయి, మా అత్తగారికి వెళ్ళిన మెసేజీలో పులిహోర కొలతల తర్వాత పాలవాడితో తగాదా మొత్తం ఉంది. అమ్మ వయసు డెబ్బై. అంటే సమస్య వయసు కాదు. సరే, కానీ బొమ్మలు జరపడమూ సమస్య కాదేమో, నాన్న చాదస్తమే సమస్యేమో అని నాకూ అనుమానం వచ్చింది.

ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు తేలింది. అమ్మకి సాయం చేద్దామని, ఒకరోజు ఆవిడ గుడికి వెళ్ళినప్పుడు వంటింటి అరలు సర్దాను. స్టవ్ పక్కన ఎడమవైపు ఉండే పోపులడబ్బా పాతబడి నొక్కులు పడింది. దాన్ని తీసేసి ఆవాలు, జీలకర్ర, మినపప్పు, మెంతులు అన్నీ గాజు సీసాల్లో పోసి, పేర్లు రాసి, పై అరలో వరసగా పెట్టాను. చూడ్డానికి చాలా బాగుంది. మా టీములో చూపిస్తే మెచ్చుకునేవాళ్ళు. మర్నాడు చారు పోపులో ఎండుమిరపకాయలు మాడాయి. నూనె కాగాక అమ్మ ఎడమచెయ్యి అటే వెళ్ళింది, అక్కడేమీ లేదు, తలెత్తి సీసాల మీద పేర్లు చదివేలోపు అయిపోయింది. మూడోరోజు నేను లేచేసరికి పాత డబ్బా తన చోటులో ఉంది. గాజు సీసాలు అటక మీద ఉన్నాయి.

"మరి ఫోన్లో మారిస్తే ఊరుకుంటావు కదమ్మా?" అన్నాను ఉక్రోషంగా.

"ఫోన్ నాదేంటే? వాళ్ళది. వాళ్ళిష్టం, రేపు ఇంకోలా పెడతారు. వంటిల్లు నాది." కూరగాయలు తరుగుతూనే, హాల్లోకి చూపించింది. "మీ నాన్న దాన్ని తనదనుకుంటారు. డబ్బులిచ్చి కొన్నాను కదా అంటారు."

ఎన్నో ప్రెజెంటేషన్లు చూశాను, ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. అమ్మ ఫోన్‌తో ఇబ్బందిపడదు, ఎందుకంటే దానిమీద ఆశ పెట్టుకోలేదు. మనలో చాలామందిమి అమ్మ పక్షమే. కొన్న వస్తువు మనది కాదని ఎప్పుడో ఒప్పుకున్నాం, ఆ ఒప్పుకోలుకే తెలివి అని పేరు పెట్టుకున్నాం. నాన్న ఒప్పుకోలేదు. నాకు ఆయనే కరెక్టనిపిస్తోంది.

ఆఫీసుకి తిరిగొచ్చాక మీటింగులో అడిగాను. ఏదైనా బొమ్మ జరిపితే, వారం ముందు నుంచి పాతచోటులోనే ఒక మాట చూపిద్దాం, జరిపాక కూడా కొన్నాళ్ళు పాతచోట నొక్కితే కొత్తచోటికి తీసుకెళ్దాం అని. పెద్ద విప్లవమేమీ కాదు. వారం ఎక్కువన్నారు, మూడు రోజులకి దిగింది. పాతచోట నొక్కితే తీసుకెళ్ళే సంగతి 'తర్వాత చూద్దాం' ఖాతాలో పడింది. ఎందుకంటే ఆ చోటులో అప్పుబొమ్మ ఉంది.

ఏదైతేనేం, వచ్చే నెల మారబోయేది ఏమిటో నాకు ముందే తెలుసు. ఒక కాగితం మీద టైపు చేసి, ప్రింటు తీసి, స్పీడ్‌పోస్టులో నాన్నకి పంపాను. "కరెక్షన్ స్లిప్పు నంబరు 7. కరెంటు బిల్లు పేజీ, పేరా 3: 'స్లీపర్లు నొక్కి నా లావాదేవీలు' అన్నదానికి బదులుగా 'స్లీపర్లు నొక్కి రసీదులు' అని చదువుకొనవలెను."

నాలుగు రోజులకి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. నా కాగితమే, పుస్తకంలో అంటించకుండా బల్లమీద పెట్టి తీసింది. మార్జిన్లో ఎర్రసిరాతో: "అందినది. తేదీ లేదు, ఎప్పటినుండి అమలో లేదు, సంతకము లేదు. సరిచేసి తిరిగి పంపవలెను."